కసరని తల్లి

ఆ ఊళ్లో తల్లులు కేకలు వెయ్యడం మానేసి ఒక తరం దాటింది. వెయ్యాల్సిన అవసరం లేకుండా పోయింది మరి.

పొద్దున్నే హంపమ్మ కూతురు తొలకరి జొన్నరొట్టె నములుతూ మిద్దె అంచు మీద ఒంటికాలితో గెంతుతోంది. ఆ మిద్దెకు పిట్టగోడ లేదు. ఊళ్లో ఏ మిద్దెకూ లేదు. పాతకాలంలో కట్టించుకున్నవాళ్లు కూడా గాలికి అడ్డమని పగలగొట్టించేశారు. కింద వాకిట్లో టీ తాగుతున్న హంపమ్మ ఒకసారి తలెత్తి బిడ్డను చూసి, మళ్లీ గ్లాసు వైపు తిరిగింది. బిడ్డ చెవిలో తల్లిపూస ఉంది. ఇక చూడాల్సిందేముంది?

తల్లిపూస జొన్నగింజంత ఉంటుంది. పేరు పెట్టిన నాడే పసిబిడ్డ చెవిలో అమరుస్తారు. చుట్టుపక్కల ఏం జరుగుతోందో అది కనిపెట్టుకుని ఉంటుంది. కాలికింద తేలుంటే, పక్కన బావి ఉంటే, వెనక బండి వస్తుంటే, ఆ బిడ్డ కన్నతల్లి గొంతుతోనే మెల్లగా చెబుతుంది. ఇప్పుడు తొలకరి చెవిలో "చాలు తల్లీ, అంచు వచ్చేసింది, వెనక్కి తిరుగు" అని అంటూ ఉంటుంది. ఆ గొంతు హంపమ్మదే. కాకపోతే దానికి తలనొప్పి రాదు, పొయ్యి మీద పప్పు పొంగదు, విసుగు పుట్టదు. పిల్ల చక్కగా వెనక్కి తిరిగి ఇంకో వైపు గెంతడం మొదలుపెట్టింది.

సీమంతానికి గాజులు తొడిగించుకుని, ఆ గాజులతోనే పూసలు తయారుచేసే సంస్థవారి గొంతుశాలకు వెళ్లడం ఇప్పుడు ఆనవాయితీ. అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టి కాబోయే తల్లి చేత అన్నీ పలికిస్తారు. జోల పాడిస్తారు, నవ్విస్తారు, "ఆగు", "రా", "భయం లేదు" అని వందరకాలుగా అనిపిస్తారు. కసురు మాత్రం తీసుకోరు. ఈ దేశంలో తల్లి చేత తిట్లు తిన్న పిల్ల ఒక్కతీ లేదన్నది సంస్థ గొప్పగా చెప్పుకునే మాట. అది అబద్ధం కూడా కాదు. పూస పని పూస చేస్తుంటే తల్లులకు కోపం వచ్చే సందర్భమే రాలేదు. వాడకపోతే ఏ విద్య అయినా మరుగున పడుతుంది గదా, తిట్టడం కూడా అలాగే పడింది.

"మా, ఈరోజే గదా మూగదినం?" మిద్దె మీంచి అడిగింది తొలకరి.

"ఊఁ."

"ఇంక కౌజులకు నీ గొంతు వినపడదా?"

"వినపడదు."

"డేగ వస్తే ఎవరు చెప్తారు వాటికి?"

"అవే చూసుకుంటాయి. రేపు వాటి పిల్లలకు అవే చెప్పుకుంటాయి. అడవిపిట్ట అంటే అదేనమ్మా."

ఆ మాట పైకి అన్నాక హంపమ్మకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నేళ్ల కష్టానికి ఫలితం ఈరోజు. ఒకప్పుడు పత్తికొండ చుట్టుపక్కల ఏ చేనిగట్టు తొక్కినా కౌజుపిట్టలు బుర్రున లేచేవట. ఆమె పుట్టేనాటికి అవి బొమ్మల్లోనే మిగిలాయి. ఎక్కడో దూరదేశపు జంతుశాలలో ఉన్న నాలుగు జంటల్ని తెప్పించి, గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి, బూదిగుట్ట మీది కసువుగడ్డిలో వదిలిపెట్టడం ఆమె పని. పొదిగించడం తేలికే. వదలడం దగ్గరే ప్రాణం మీదికి వచ్చేది.

మొదటిసారి వదిలిన పిట్టలు వారం తిరక్కుండానే తుడిచిపెట్టుకుపోయాయి. మెత్తటి మేతకు అలవాటుపడ్డ కడుపులు అడవిగింజను అరిగించుకోలేకపోయాయి. కొన్ని ఆకలితో చచ్చాయి. మిగిలినవి ఆకాశంలో డేగ తిరుగుతుంటే మెడలు సాచి వింతగా చూశాయి. నక్క వస్తే దానికి ఎదురెళ్లాయి. కాళ్ల చప్పుడంటే మేత అన్నదొక్కటే వాటికి తెలిసిన పాఠం. రెండోసారి చెదపురుగులు, కొర్రలు పెట్టి కడుపులు గట్టిచేసింది. భయం మాత్రం నేర్పలేకపోయింది. భయం తల్లి దగ్గర నేర్చుకునేది. ఆ పిల్లలకు తల్లి అంటే వెచ్చటి దీపం.

అప్పుడు తట్టిందామెకు, మనిషిపిల్లకు పెట్టిన పూస పిట్టపిల్లకు ఎందుకు పెట్టకూడదని. భర్త ఈరేశ్ సంస్థలో అడవి విభాగానికి పెద్ద. అతను ఎగిరి గంతేశాడు. ఆవగింజంత కౌజుపూస తయారైంది. ఇక దానిలోకి కౌజు తల్లి గొంతు కావాలి. ఆ గొంతు ఎరిగినవాడు భూమ్మీద ఒక్కడే మిగిలాడు, హంపమ్మ తాత ఉరుకుందు.

ఉరుకుందు చిన్నతనంలో వేటగాడు. ఒక కౌజును గుడ్డు నుంచీ చేత్తో పెంచి, దీమంగా, అంటే ఎరపిట్టగా మచ్చిక చేసి, గూట్లో పెట్టి చేలో ఉంచేవాడట. దీమం కూస్తే అడవికౌజు రోషంగా వచ్చి ఉచ్చులో పడుతుంది. కూత మందగిస్తే తనే నోటితో కూసేవాడు. మగపిట్ట సవాలు కూత, తల్లి ప్రమాదం కూత, మేతకు పిల్లల్ని పోగుచేసే కూత, అన్నీ వచ్చు. ముసలాయనకు పళ్లూడి ఈలలు జారిపోతుంటే హంపమ్మ ఆయన దగ్గర కూర్చుని నేర్చుకుంది. ఆ తర్వాత గొంతుశాలలో నెల రోజులు కౌజుతల్లిగా బతికింది.

ఒక్క కూత దగ్గర ఈరేశ్‌తో పేచీ వచ్చింది. పిల్లలు ఎదిగాక కౌజుతల్లి వాటిని కసిరి, ముక్కుతో పొడిచి తరిమేస్తుంది. అది కూడా పూసలో ఉండాలంది హంపమ్మ. "పూసలో కసురు పెట్టేది లేదు హంపీ, సంస్థ నియమం," అన్నాడతను. "రెండో ఏడు పూసలన్నీ మూగబెట్టేస్తాం. తల్లి గొంతే ఆగిపోయినాక తరమడం ఎందుకు?" మాట బాగానే ఉంది. ఆ మాట మీదే ఆమె తన గొంతు ఇచ్చింది. ఈ ఏడు గుట్ట మీద కౌజులు వాటంతట అవే గూళ్లు పెట్టాయి. మూగదినం ఖాయమైంది.

ఈరేశ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వచ్చాడు. అతని వెనకే ఉరుకుందు, తలకు కొత్త రుమాలు చుట్టుకుని, పెళ్లికొడుకులా.

"నేనూ వస్తా," అంది హంపమ్మ గ్లాసు కింద పెట్టి.

"వద్దులే. పెద్దోళ్లంతా వస్తాండారు. నువ్వు ఆడ నిలబడి ఏడుస్తావు. పూసలు ఆపేది యంత్రంలోనే గదా, నువ్వు చేసేదేముండాది? ఇంట్లో కూర్చుని వినుచిప్ప పెట్టుకో. గొంతు ఆగిపోవడం నీకే ముందు తెలుస్తాది."

"మరి తాతనెందుకు తీస్కపోతాండావు?"

"పిలుపు నేర్పిన పెద్దమనిషి. సన్మానం చేస్తారంట."

తాత ఆమె వైపు చూడలేదు. కొత్త రుమాలు సర్దుకుంటున్నాడు కాబోలు అనుకుంది. భర్త తన మనసు తెలిసి చెప్పాడనుకుని ఆమె గుండె కాస్త కరిగింది కూడా. బండి వెళ్లేదాకా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది, పిచ్చిది.

వినుచిప్ప అంటే ఆల్చిప్పంత పరికరం. చెవికి ఆనించుకుంటే కౌజుపూసలు పిట్టలకు ఏం చెబుతున్నాయో వినిపిస్తుంది. హంపమ్మ నట్టింట్లో చాప పరుచుకుని, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చిప్పను చెవికి పెట్టుకుంది. తన గొంతులోని చిన్న చిన్న కూతలు వినపడుతున్నాయి. ఇక్కడ నీడుంది, అక్కడ పాముంది, గాలి మారింది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు కూతలు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. తర్వాత ఏమీ లేదు.

"ఆగిపోయిందా మా?"

హంపమ్మ తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈరేశ్ చెప్పింది నిజమే, అక్కడుంటే అందరి ముందూ ఏడ్చేదే.

అంతలో చిప్పలో మళ్లీ ఆమె గొంతు పలికింది. కుర్ర్... కు, కు, కు. మేత దొరికిన తల్లి పిల్లల్ని పోగుచేసుకునే కూత. రండి, రండి, భయం లేదు, అందరూ రండి. ఒకటి కాదు, ప్రతి పూసలోనూ అదే. ఇంతకుముందెప్పుడూ అన్ని పూసలూ ఒకేసారి ఆ కూత కూయలేదు. పిల్లలుగా ఉన్న ఒక్క ఋతువులో తప్ప ఆ కూత వాడకూడదని తనే చెప్పింది.

ఏదో పొరపాటు జరిగిందనుకుంది. యంత్రం తిక్కపట్టిందేమో, ఈరేశ్‌కు తెలియదేమో. తొలకరిని పక్కింట్లో అప్పజెప్పి, బండి తీసి గుట్టకు పరుగెత్తించింది.

గుట్ట కింద కంపచెట్ల వరసకు అవతల తెల్లటి షామియానా కనిపించింది. దాని నీడలో మెత్తటి కుర్చీలు, కుర్చీల్లో పట్నం మనుషులు, వాళ్ల చేతుల్లో పొడవాటి తుపాకులు. ముందు చదును చేసిన నేల. కసువులోంచి కౌజులు వస్తున్నాయి. ఎదిగిన పిట్టలు, రొమ్ములు విరుచుకున్న మగవి, గూళ్లలో గుడ్లు వదిలేసి వచ్చిన ఆడవి. ఎదిగినా సరే, కోడిపిల్లల్లా కాళ్లు తడబడేటంత ఆత్రంగా పరుగెత్తుకొస్తున్నాయి. మనుషుల చెవికి ఏమీ వినపడదు. అమ్మ మాత్రం రమ్మంటోంది.

తుపాకులు దగ్గినట్టు పొడిగా చప్పుడు చేశాయి. ముందువరస పిట్టలు దొర్లాయి. వెనకవి ఎగరలేదు. భయం లేదు, రండి, అని చెవిలో తల్లి చెబుతుంటే ఎందుకెగురుతాయి? పడ్డవాటిని దాటుకుని వచ్చాయి.

హంపమ్మ తుపాకులకు అడ్డంగా పరుగెత్తింది. ఎవరో అరిచారు, తుపాకులు ఆగాయి. ఆమె ఊపిరి కూడగట్టుకుని ప్రమాదం కూత కూసింది. కౌజులన్నీ ఉన్నచోటే నేలకు అతుక్కుని పడుకున్నాయి. డేగ వస్తే అలాగే చెయ్యాలని తనే నేర్పింది. తుపాకి ముందు అంతకంటే సులువైన గురి ఏముంటుంది? చేతులు ఊపింది, గడ్డి పీకి విసిరింది. అవి లేచి ఆమె కాళ్ల చుట్టూ చేరాయి. ఒకటి ఆమె చీర కుచ్చిళ్లలో దూరింది. పొమ్మని చెప్పడానికి అవి ఎరిగిన కూత ఒక్కటీ లేదు. ఆ ఒక్క కూతే పూసలో పెట్టనివ్వలేదు వాళ్లు.

ఆ రోజుకు వేట చాలించారు. ఒక పెద్దమనిషి నవ్వుతూ ఈరేశ్ భుజం తట్టి, "మీ ఆవిడకు బాగా మచ్చిక అయినట్టున్నాయి, ఇంత దగ్గరగా నేనెక్కడా చూడలేదు," అన్నాడు. హంపమ్మ వచ్చి భర్త ఎదుట నిలబడింది.

"మూగదినం అంటివి గదా."

"నెమ్మదిగా హంపీ, జనం ఉండారు."

"చెప్పు! మూగదినం అంటివి గదా!"

"మొదట్లో అదే అనుకున్నాం. నీ మీద ఒట్టు. తర్వాత లెక్క మారింది." ఈరేశ్ గొంతు తగ్గించాడు. అతని ముఖంలో తప్పు చేసిన భావం లేదు, అలసట ఉంది. "ఈ గుట్టను ఊరికే ఎవరుండనిస్తారు? కరెంటు కోసరం ఎండపలకలు పరిచేదానికి అందరూ కాచుక్కూర్చోనుండారు. వేట ఉంటేనే గుట్ట ఉంటాది, గుట్ట ఉంటేనే నీ పిట్టలుంటాయి. ప్రతి ఆదివారం కొన్ని పోతే పోనీ, మిగతావి బతుకుతాయి గదా. నీకు ముందే చెప్పింటే ఒప్పుకుంటావా?"

"నా గొంతుతో చంపిస్తివి."

"గొంతు సంస్థది హంపీ. గొంతుశాలలో కూర్చున్ననాడే ఇచ్చేస్తివి."

అతను ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. ఈ మనిషి పక్కన ఇన్నేళ్లు పడుకున్నానా అనుకుందామె. ఇంట్లో కూర్చో, ఏడుస్తావు అన్నాడే పొద్దున! ఎంత ప్రేమగా అన్నాడు!

షామియానా కింద ఉరుకుందు మెడలో దండతో కూర్చుని ఉన్నాడు. మనవరాలిని చూసి ముఖం విప్పార్చుకున్నాడు.

"మే, చూస్తివా? ఎట్లొచ్చినాయో! నా దీమం పుట్టినాక ఇన్నిటిని పిల్చిందిల్లేదు."

"నీకు తెలుసునా తాతా?"

"తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు అల్లుడు. దాంట్లో దాచిపెట్టేదేముందో నాకైతే తెలీలేదు. వేట గదమ్మా. నేను ఆ కూతలు నేర్చింది ఇంకెందుకు అనుకుంటివి?"

"తల్లి కూతతో ఎప్పుడూ పట్టలేదంటివి గదా. మీవాళ్లు ఆ కూతతో పిలవరంటివి గదా."

ముసలాయన అమాయకంగా చూశాడు. "ఎదిగిన పిట్ట తల్లి కూతకు యాడొస్తాది మే? రాదు గాబట్టి పిలవం. ఇవి వచ్చినాయే! అదే నాకు వింతగా ఉండాది."

ఇన్నాళ్లూ ఆమె ఆ మాటను ఒక దయగల కట్టుబాటు అనుకుంది. తల్లి పేరు చెప్పి మోసం చెయ్యకూడదని పూర్వీకులు పెట్టుకున్న నియమం అనుకుని, ఎన్నో సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంది కూడా. ఆమె వెనుదిరిగి బండెక్కింది.

రాత్రికి ఈరేశ్ ఇంటికి రాలేదు, తాతతోపాటు సంస్థ అతిథిగృహంలో ఉంటానని కబురు పెట్టాడు. తొలకరి అన్నం కలుపుతున్న తల్లినే చూస్తూ కూర్చుంది.

"మీ నాయన మనల్ని మోసం చేసినాడు," అంది హంపమ్మ. పిల్లకు అబద్ధం చెప్పే ఓపిక ఆమెకు లేదు. "పిట్టల్ని పిల్చి చంపించినాడు."

"నాయన పిలిస్తే వచ్చినాయా?"

"నా గొంతుతో పిలిపించినాడు."

తొలకరి చెయ్యి తన చెవి దగ్గరికి వెళ్లింది. ఒకసారి పూసను తడుముకుని, చెయ్యి దించేసింది. హంపమ్మ అది చూడలేదు. ఆమె ఆలోచన అంతా వచ్చే ఆదివారం మీద ఉంది.

పూసలు ఆపడం ఆమె చేతిలో లేదు, తాళం సంస్థ దగ్గరుంది. పిట్టల్ని పట్టి పూసలు తీద్దామంటే అవి తల ఎముకలోకి అతుక్కుని పెరిగాయి. గూళ్లలో గుడ్లు ఇంకో పది రోజుల్లో పగులుతాయి. ఆ పిల్లలకు పూసలుండవు. వాటిని పెంచే తల్లులు అప్పటిదాకా బతకాలి. అంతే, ఇంకే ఆశా లేదామెకు. పూసలో పెట్టనివ్వని పాఠం ఒకటి మిగిలింది. అది నోటితో చెప్పాలి, చేత్తో చెప్పాలి.

మర్నాడు తెల్లవారగానే చింతబరిక ఒకటి విరుచుకుని గుట్ట ఎక్కింది. తొలకరి వెంటపడింది. బడికి సెలవులు, ఇంట్లో ఎవరూ లేరు, రమ్మంది. పిల్ల ఒక బండరాయి మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. హంపమ్మ కసువు మధ్య మోకాళ్ల మీద కూర్చుని, నోటితో మేతకూత కూసింది. కుర్ర్... కు, కు, కు.

వచ్చాయి. సంతోషంగా వచ్చాయి.

ఆమె బరిక ఎత్తి కసిరింది. కసిరాననుకుంది. గొంతులోంచి సన్నటి, సిగ్గుపడ్డ శబ్దం ఒకటి వచ్చింది. ఆమె జన్మలో ఎవర్నీ కసరలేదు. ఆమెను ఎవరూ కసరలేదు. పిట్టలు తలలు వంచి వింతగా చూశాయి. బరికతో నేల మీద కొడితే ఒకటి ఆ చివరను ముక్కుతో పొడిచి ఆడుకుంది. హంపమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ రోజు అలాగే గడిచింది.

రెండో రోజు నిజంగానే కొట్టింది. మెల్లగా కొట్టింది. అవి ఎగిరి, కొంచెం అవతల వాలి, మళ్లీ పిలిస్తే మళ్లీ వచ్చాయి. అమ్మ పొరపాటున కొట్టి ఉంటుందిలే అన్నట్టు వచ్చాయి. మెల్లగా కొట్టడం వాటికి చేస్తున్న మేలు కాదని ఆమెకు అర్థమైంది. ఇంటికి వెళ్లేటప్పుడు తొలకరి అడిగింది, "నొప్పి పెడతాది గదా మా వాటికి?" అని. "పెట్టాల," అంది హంపమ్మ.  పిల్ల చెవిలో పూస, "ఎండ ఎక్కుతోంది, నీడకు నడువమ్మా" అని తియ్యగా చెబుతూనే ఉంది.

తర్వాతి రోజుల్లో ఆమె గొంతుకు కసరడం పట్టుబడింది. ఒక్కొక్కటే నేర్చుకున్నాయి పిట్టలు. పిలిస్తే కసువులోంచి తలలెత్తి చూడడం, అడుగు వేసి ఆగడం, ఆగి వెనక్కి పోవడం. చివరికి ఒక ఆడపిట్ట మిగిలింది. కాలివేలు వంకరది. అన్నిటికంటే ముందు గుడ్డులోంచి బయటపడి, మొదటి రాత్రంతా హంపమ్మ గుప్పిట్లో నిద్రపోయిన పిట్ట. అది ఎంత కొట్టినా పోదు. దెబ్బ తిని పడుతుంది, లేచి ఈకలు దులుపుకుని మళ్లీ ఆమె కాళ్ల దగ్గరికే వస్తుంది.

శనివారం పొద్దు వాలుతోంది. మర్నాడు వేట. వంకరవేలు పిట్ట మళ్లీ వచ్చి ఆమె పాదం మీద ఎక్కి నిలుచుంది. హంపమ్మ లోపల ఏదో పట్టుతప్పింది. ఆ పిట్టను కాలితో ఎత్తి తోసి, బరికతో రెక్కల మీద బలంగా కొట్టింది. అది పల్టీకొట్టి కంపలో పడింది. లేచి చూసింది. ఒక అడుగు ఇటు వేసింది.

"పో!" అని అరిచింది హంపమ్మ. అది కౌజు భాష కాదు, మనిషి అరుపు. గుట్ట అంతా మారుమోగింది. "పోవే! ఎన్నిసార్లు చెప్పాల నీకు? నన్ను నమ్మొద్దు! నా గొంతు వింటే చస్తావు, తెలుసునా? ప్రేమగా పిలిస్తే పరిగెత్తుకుంటూ వచ్చేస్తావా, బుద్ధి లేనిదానా! ఇంకెప్పుడు పిల్చినా రావద్దు! పో నా కళ్ల ముందర్నుంచి!"

ఆ మాటలు పిట్టనంటోందో, తననే అనుకుంటోందో, పెళ్లినాటి నుంచీ ఈరేశ్ ఏది చెబితే అది నమ్మిన ఆడమనిషిని అంటోందో ఆమెకే తెలియదు. ఒక రాయి తీసి విసిరింది. ఇంకో రాయి విసిరింది. పిట్ట బుర్రున లేచి, నీళ్ల వంక దాటి, అవతలి గుట్ట వైపు ఎగిరిపోయింది. వెనక్కి చూడలేదు. హంపమ్మ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆదివారం ఆమె, తొలకరి గుట్ట నడుమ కంపచాటున కూర్చుని చూశారు. కింద షామియానా, కుర్చీలు, తుపాకులు, అంతా పోయిన వారంలాగే ఉంది. హంపమ్మ వినుచిప్ప చెవికి పెట్టుకుంది. చిప్పలో ఆమె గొంతు ఎంతో మురిపెంగా పిలుస్తోంది. రండి, రండి, భయం లేదు. ఆమె కసువు వైపు రెప్పవెయ్యకుండా చూసింది. ఒకచోట కసువు కదిలింది.  ఒక కౌజు తల ఎత్తి, అటూ ఇటూ చూసి, కిందికి దించేసుకుంది. ఇంకేం కదల్లేదు.

గొంతు పిలుస్తూనే ఉంది. ఈరేశ్ యంత్రం దగ్గరికి వెళ్లి వంగి ఏదో చూశాడు, చేతులు తిప్పాడు, అతిథులకు ఏదో సర్దిచెప్పాడు. ఎండ ముదిరింది. పెద్దమనుషులు చెమటలు తుడుచుకుంటూ లేచి బండ్లు ఎక్కారు. షామియానా విప్పేశారు. చివరి బండి కూడా వెళ్లిపోయాక గుట్ట మీద ఎక్కడో ఒక మగ కౌజు కూసింది. ఎవరికీ కాదు, తన కోసం, తన చోటు కోసం కూసింది. హంపమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బతికాయి. వారం కిందట పొద్దున తను కలగన్న అడవిపిట్టలు ఇప్పటికి అయ్యాయి.

"చూస్తివా తల్లీ?" అంటూ వెనక్కి తిరిగింది. "ఒక్కటైనా రాలేదు! రా, ఇట్లా రా, పోదాం ఇంటికి."

తొలకరి అప్పుడే లేచి, చేతికందనంత దూరంలో నిలబడి ఉంది. రెండు చేతులు చాచిన తల్లిని చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏమైంది? రామ్మా."

పిల్ల కదల్లేదు. చెవిలోంచి తల్లిపూస ఊడదీసి గుప్పిట్లో పట్టుకుని ఉంది. ఎప్పుడు తీసిందో మరి. ఆ గుప్పిట్లోంచి సన్నగా, అలుపు లేకుండా, హంపమ్మ గొంతే పలుకుతోంది. భయం లేదు తల్లీ, అమ్మ పిలుస్తోంది, పో.

హంపమ్మకు అప్పుడు గుర్తొచ్చింది, ఈ వారమంతా ఆ బండరాయి మీద ఎవరు కూర్చున్నారో. పుట్టినప్పటినుంచీ తల్లి కోపమంటే ఎరగని పిల్ల. తిట్టిన తల్లే రాత్రికి అన్నం కలిపి పెడుతుందని, కొట్టిన చేత్తోనే తల నిమురుతుందని ఎన్నడూ చూసి ఉండని పిల్ల. ఆ పిల్ల ఒక్క పాఠాన్నే మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"మా," అంది తొలకరి. గొంతులో ఏడుపు లేదు, తెలుసుకోవాలన్న శ్రద్ధ ఉంది. "నన్నెప్పుడు తరుముతావు?"

"ఛ, అదేం మాట! నిన్నెందుకు తరుముతా? నువ్వు నా బిడ్డవి గదా. ప్రమాణంగా చెప్తాండా..."

చెబుతూండగానే ఆమెకు తన గొంతు తన చెవికే వినపడింది. తియ్యగా ఉంది. గుప్పిట్లోని గొంతుకూ దానికీ తేడా ఆమెకే తెలియలేదు. మాట మధ్యలో ఆపేసింది.

చాచిన చేతులు దించుకుంది. తర్వాత హంపమ్మ గుట్ట దిగడం మొదలుపెట్టింది. వెనక చిన్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఆగితే ఆ చప్పుడు ఆగింది. నడిస్తే నడిచింది. దారి పొడుగునా ఆమె ఎన్నిసార్లు ఆగి చూసినా, ఆ పిల్ల అంతే దూరంలో నిలబడి, రెప్పవెయ్యకుండా తల్లి చేతుల వైపు చూస్తూ ఉంది.